బుట్టతో ముందు చెలిమి, ఆ తరువాతే ప్రయాణం

వేసవి సెలవులూ బదిలీలూ దగ్గరపడుతున్నందున ఈసారి విశాఖపట్నం పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లులను కారులో తీసుకువెళ్ళడం గురించే ఉన్నాయి. అందుకే ఈ సంచికను ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఎం.వి.పి. కాలనీ. మా వారికి రాజమహేంద్రవరం బదిలీ అయింది. మే నెల మూడో వారంలో ఇల్లు మారుతున్నాము. మా ఇంట్లో నాలుగేళ్ళ ఆడపిల్లి ఉంది, పేరు బుజ్జమ్మ. ఇంట్లో ఎంతో నెమ్మదిగా ఉండే పిల్లి కారెక్కిందంటే చాలు, గోల మొదలుపెడుతుంది. టీకా కోసం మూడు కిలోమీటర్లు తీసుకెళ్ళినందుకే దారి పొడవునా అరిచి, చొంగ కార్చి, బుట్టలోనే మూత్రం పోసింది. తిరిగి వచ్చాక రెండు రోజులు నా దగ్గరకు రాలేదు. దాదాపు రెండు వందల కిలోమీటర్లు ఎలా తీసుకెళ్ళాలో తెలియక దిగులుగా ఉంది. ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయమని బంధువులు అంటున్నారు.

సమాధానం: ముందుగా మీ బంధువుల మాటకు జవాబు చెబుతాను. బుజ్జమ్మను ఎవరికీ ఇవ్వనవసరం లేదు. మీరు రాసిన లక్షణాలలో భయం ఉంది, బహుశా కొంత కడుపులో తిప్పడం ఉంది. ఈ రెండూ తగ్గించగలిగినవే. పైగా మీ చేతిలో ఇంకా ఐదు వారాలకు పైగా వ్యవధి ఉంది.

పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు అంటారు కనుక, చోటు మారడం దానికి అలవాటేనని చాలామంది అనుకుంటారు. అయితే ఆ ఏడిళ్ళూ తల్లిపిల్లి తానుగా వెళ్ళి, వాసన చూసి, తనకు నచ్చాక ఎంచుకున్న చోట్లు. కారు ప్రయాణంలో దానికి ఆ ఎంపిక లేదు. ఇంట్లో తలుపు అంచులకూ బల్ల కాళ్ళకూ బుగ్గలు రుద్ది, అలా తాను అంటించిన వాసనను బట్టి తన చోటును గుర్తుపట్టే జీవిని మనం ఉన్నట్టుండి పట్టుకుని, ఆ వాసన ఏమాత్రం లేని పెట్టెలో కూర్చోబెట్టి, కాళ్ళ కింద నేల కదులుతుండగా లారీల హారన్ల మధ్య తీసుకువెళుతున్నాము. దానికి తోడు మీ ఇంట్లో ఆ బుట్ట ఏడాదికి ఒకసారి, టీకా రోజున మాత్రమే అటక మీద నుంచి దిగుతుందని నేను ఊహిస్తున్నాను. బుట్ట కనబడగానే దానికి సూది గుర్తుకు వస్తుంది. కనుక ముందు పోగొట్టవలసింది కారంటే ఉన్న భయం కాదు, బుట్టంటే ఉన్న భయం. బుట్ట దాని సొంత చోటు అయితే, ఇల్లు వదిలిన రోజున కూడా ఇంటిలో ఒక మూల దానితో పాటే బయలుదేరుతుంది.

ఈ రోజే బుట్టను కిందికి దించండి. పాత మూత్రం వాసన పోయేలా మామూలు సబ్బు నీళ్ళతో కడిగి, బాగా జాడించి, ఎండలో ఆరబెట్టండి. ఫినాయిల్ గాని, డెట్టాల్ వంటి ద్రవాలు గాని దయచేసి వాడవద్దు. వాటిలో ఉండే ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, పాదాలకు అంటిన కాస్త ద్రవాన్ని నాకినా దానికి హాని జరగవచ్చు. మీది పై మూత విడదీయగలిగే గట్టి ప్లాస్టిక్ బుట్ట అయితే మరీ మంచిది. మూత, తలుపు రెండూ తీసేసి, కింది భాగాన్ని మాత్రమే అది రోజూ పడుకునే చోటుకు దగ్గరగా ఉంచండి. మీరు కట్టి విడిచిన పాత నేతచీర ముక్కను ఉతకకుండా అందులో పరచండి. ఒక మెత్తని గుడ్డతో బుజ్జమ్మ బుగ్గలను రోజూ నాలుగుసార్లు సున్నితంగా నిమిరి, అదే గుడ్డతో బుట్ట మూలలను తుడవండి. దానిని ఎత్తి లోపల పెట్టే ప్రయత్నం మాత్రం ఒక్కసారి కూడా చేయవద్దు. ఉడికించిన చేప ముక్కో కోడి ముక్కో మొదట బుట్ట పక్కన, రెండు మూడు రోజులయ్యాక అంచు దగ్గర, ఆ తరువాత లోపల పెడుతూ పోతే, వారం పది రోజుల్లో మధ్యాహ్నం కునుకు అందులోనే తీయడం మీరు చూస్తారు. అప్పుడు మూత బిగించండి. మరి రెండు రోజులు గడిచాక తలుపు అమర్చండి. అది తింటున్నప్పుడు తలుపును అర నిమిషం మూసి, అది తలుపు వైపు చూడకముందే తెరవండి. ఏ మెట్టు దగ్గరైనా చెవులు వెనక్కి వాల్చి, తోక ఒంటికి చుట్టుకుని ముడుచుకుపోతే, మీరు తొందరపడ్డారని అర్థం. ముందు రోజు చేసినంతకే తిరిగి వెళ్ళండి.

మూడో వారంలో కారు పని మొదలుపెట్టవచ్చు. బుట్టను పైనున్న పిడితో పట్టుకుని ఊపుకుంటూ నడవకుండా, కింద రెండు చేతులూ పెట్టి గుండెకు ఆనించి మోయండి, ఎందుకంటే పిల్లికి ఆ ఊపే మొదటి భయం. మొదటి రోజు ఇంజను వేయకుండా ఐదు నిమిషాలు కారులో కూర్చుని, దానికి ఇష్టమైనదేదో తినిపించి ఇంటికి తీసుకురండి. మరునాడు ఇంజను వేసి నిలిపి ఉంచండి, ఆ పై రోజు వీధి చివరి దాకా వెళ్ళి రండి. అది నెమ్మదిగా ఉంటున్నదని తెలిశాక ఒక ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదుగా ఋషికొండ దాకా వెళ్ళి రావచ్చు. ఆ వేళలో ఆ దారిలో హారన్ల గోల తక్కువ. ఈ చిన్న ప్రయాణాలన్నీ ఇంటి దగ్గరే ముగియాలి, ఆసుపత్రి దగ్గర కాదు.

ఇక ప్రయాణం రోజు. మే నెలలో మన తీరప్రాంతపు ఉక్క మనుషులకే భరించరానిది, పిల్లికి చెమట పట్టేది ముఖ్యంగా అరిపాదాల మెత్తలలోనే. అందుచేత ఉదయం నాలుగున్నరకే బయలుదేరండి. గాజువాక, లంకెలపాలెం దగ్గర లారీలు పెరగకముందే ఊరు దాటిపోతారు, ఎండ ముదిరే వేళకు రాజమహేంద్రవరం చేరుకుంటారు. ఆహారం బయలుదేరడానికి నాలుగైదు గంటల ముందే ఆపండి, అంటే ముందు రాత్రి పెట్టినదే చివరిది. నీళ్ళు మాత్రం బయలుదేరే దాకా అందుబాటులో ఉంచండి. పాలు ఇవ్వకండి, ఎదిగిన పిల్లుల్లో చాలా వాటికి పాలలోని చక్కెర అరగక విరేచనాలవుతాయి. సామాను లారీకి ఎక్కించే రోజున కూలీల రాకపోకలు మొదలు కాకముందే బుజ్జమ్మను, బుట్టను, లిట్టర్ ట్రేను (అది మలమూత్రాలకు వాడే, ఇసుకలాంటి లిట్టర్ పోసిన పళ్ళేన్ని) స్నానాల గదిలో ఉంచి తలుపుకు గడియ వేసి, "పిల్లి ఉంది, తెరవవద్దు" అని కాగితం అంటించండి. ఇల్లు మారే రోజున పిల్లి తప్పిపోవడం ఎక్కువగా ఆ తెరిచి ఉన్న వీధి తలుపు గుండానే జరుగుతుంది.

కారును ముందుగా చల్లబరిచి, బుట్టను ముందు సీటు వెనుక ఉన్న నేల మీద కదలకుండా అమర్చండి. చిన్న కారులో అక్కడ పట్టకపోతే వెనుక సీటు మీద పెట్టి, సీటు వాలుకు సరిపడా తువ్వాలు మడిచి కింద వేసి, బెల్టు చుట్టి బిగించండి. డిక్కీలో గాని, గాలిసంచి (ఎయిర్‌బ్యాగ్) ఉండే ముందు సీటులో గాని పెట్టకూడదు. గాలి ఆడే వైపు వదిలి మిగిలిన మూడు వైపులా పలుచని నూలు గుడ్డ కప్పండి, తాను ఎవరికీ కనబడడం లేదనిపిస్తే పిల్లి సగం కుదుటపడుతుంది. అద్దానికి వేలాడే పరిమళపు సీసాను ముందు రోజే తీసివేయండి. బట్టల మధ్య వేసే కలరా ఉండలు, కర్పూరం, నీలగిరి తైలం కూడా కారులో ఉండకూడదు, ఇవి పిల్లికి ఇబ్బంది కలిగించడమే కాదు, విషం కూడా. ఎ.సి. గాలి నేరుగా బుట్టలోకి వీచకుండా చూడండి.

మొదటి పది, పదిహేను నిమిషాలు అది అరుస్తుంది. బదులుగా మీరూ కంగారుగా పిలుస్తూ ఉంటే ఏదో ఆపద ఉందనే దానికి అనిపిస్తుంది, మామూలు గొంతుతో మీ మాటలు మీరు మాట్లాడుకోండి. నాలుగు గంటల ప్రయాణానికి ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి దారిలో తిండి అవసరం లేదు. మూత్రం పోస్తుందేమోనన్న అనుమానంతో పసిపిల్లలకు వేసే పీల్చుడు గుడ్డలను రెండు వరుసలు పరిచి, ఒకటి తడిస్తే తీసివేయవచ్చు. తుని దగ్గరకు సగం దూరం అవుతుంది. అక్కడ ఆగినప్పుడు తలుపులూ అద్దాలూ మూసి ఉన్నాయని చూసుకుని చెంచాడు నీళ్ళు ఇచ్చి చూడండి, తాగకపోయినా పరవాలేదు. ఆ దారిన వెళ్ళేవారు అన్నవరంలో ప్రసాదం తీసుకోకుండా వెళ్ళరు కనుక ఇది కూడా చెప్పాలి: ఒకరు దిగితే ఒకరు ఎ.సి. వేసి కారులోనే ఉండాలి. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది, అద్దం రెండు అంగుళాలు దించి ఉంచినంత మాత్రాన ఆ పెరుగుదల ఆగదు. పిల్లి కుక్కలాగా నోరు తెరిచి రొప్పడం ఎప్పుడూ మామూలు విషయం కాదు. అలా కనబడితే వెంటనే కారు ఆపి, ఎ.సి. పెంచి, మామూలు నీళ్ళతో, ఐసు నీళ్ళతో కాదు, దాని పాదాలనూ పొట్టనూ తడిపి, గాలి తగిలేలా చేసి, దగ్గరలోని పశువైద్యశాలకు చేర్చాలి.

ప్రశ్న: మేము పెదవాల్తేరు నుంచి విజయనగరం మా అమ్మగారింటికి తరచూ వెళుతుంటాము. మా తొమ్మిదేళ్ళ పాప, పిల్లిని బుట్టలో పెడితే ఏడుస్తుంది, తన ఒడిలోనే కూర్చోబెట్టుకుంటానంటుంది. దూరం అరవై కిలోమీటర్లే కదా, ఒడిలో ఉంటే దానికీ ధైర్యంగా ఉండదా?

సమాధానం: పాప ప్రేమను నేను అర్థం చేసుకోగలను గాని, ఈ విషయంలో ఆమె మాట వినవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక్కసారి బ్రేకు వేస్తే ఒడిలోని నాలుగు కిలోల పిల్లి తన బరువుకు ఎన్నో రెట్ల బలంతో ముందుకు విసిరివేయబడుతుంది. ఆ విసురును ఆపడం పెద్దవారి చేతుల వల్ల కూడా కాదు. భయపడిన పిల్లి దూరేది చీకటి మూలలోకే, కారులో అటువంటి మూల డ్రైవరు కాళ్ళ దగ్గర, బ్రేకు పెడలు కింద ఉంటుంది.

కొన్నేళ్ళ కిందట నా దగ్గరకు వచ్చే ఒక కుటుంబం జాతీయ రహదారి పక్కన ఫలహారానికి ఆగింది. పిల్లి ఒడిలోనే ఉంది. తలుపు తెరిచిన క్షణంలో వెనుక నుంచి లారీ హారను మోగడంతో అది దూకి పారిపోయింది. ఆ ఇంటి పెద్దాయన మూడు రోజులు అక్కడే గది తీసుకుని, రాత్రిళ్ళు టార్చి పట్టుకుని, దాని గిన్నెను మోగిస్తూ తిరిగారు. మూడో రాత్రి అది ఒక టైర్ల దుకాణం వెనుక దొరికింది. అందరికీ అలా దొరకదు.

పాపకు పని అప్పగించండి. బుట్ట పక్కన సీటులో తన బెల్టు తాను పెట్టుకుని కూర్చుని, పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నదా, చొంగ కారుస్తున్నదా అని చూసి మీకు చెప్పడం ఆమె బాధ్యత. తొమ్మిదేళ్ళ పిల్లలు ఆ బాధ్యతను పెద్దవారికన్నా శ్రద్ధగా చేస్తారని నేను చాలా ఇళ్ళలో చూశాను. పిల్లి మెడకు లాగితే విడిపోయే రకం పట్టీ కట్టి, దాని మీద మీ ఫోను నంబరు రాసి ఉంచండి.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను. మా ఊళ్ళో పిల్లిని ఎక్కడికి తీసుకెళ్ళినా గోనెసంచిలో వేసి మూతి కట్టి తీసుకెళ్ళేవారు. బుట్ట కొనడం తప్పనిసరా?

సమాధానం: గోనెసంచి వద్దు. పిల్లిని తిరిగి రాకుండా దూరంగా విడిచిపెట్టేవారు వాడిన పద్ధతి అది, ఇంటి పిల్లిని భద్రంగా తిరిగి తెచ్చుకునే పద్ధతి కాదు. సంచిలో గాలి సరిగా ఆడదు, కాళ్ళకు పట్టు దొరకదు, మూతి విప్పిన చేతిని అది కొరుకుతుంది. జంతువులను అనవసరమైన బాధ కలిగేలా తరలించడం 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. బుట్ట కొనడం భారమైతే, పక్కలకు చిల్లులున్న గట్టి ప్లాస్టిక్ బుట్టలు రెండింటిని ఒకదానిపై ఒకటి బోర్లించి, నాలుగు వైపులా ప్లాస్టిక్ పట్టీలతో బిగిస్తే ఆసుపత్రి ప్రయాణానికి సరిపోతుంది. పిల్లి లోపల నిలబడి, వెనక్కి తిరగగలిగినంత చోటు ఉంటే చాలు.

ప్రశ్న: మాది సీతమ్మధార. మా పర్షియన్ పిల్లి కారులో విపరీతంగా వాంతులు చేసుకుంటుంది. బస్సు ప్రయాణానికి మేము వేసుకునే వాంతుల మాత్రలో సగం ఇవ్వవచ్చా? నిద్రమాత్ర ఇస్తే హాయిగా పడుకుంటుందని ఒకరు చెప్పారు.

సమాధానం: రెండూ మీ అంతట మీరు ఇవ్వకూడదు. మనుషుల మందులను చిన్న మోతాదులో ఇస్తే పిల్లులకు సరిపోతాయనుకోవడం చాలా ప్రమాదకరమైన పొరపాటు. ప్రతి ఇంట్లోనూ ఉండే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. నిద్రమాత్రల విషయంలో ఇంకొక సంగతి ఉంది. కొన్ని మందులు ఒంటిని మందగింపజేస్తాయి గాని లోపలి భయాన్ని తగ్గించవు, అందువల్ల పిల్లి కదలకుండా పడి ఉన్నా భయపడుతూనే ఉంటుంది. పర్షియన్ వంటి చప్పిడి ముఖపు జాతులకు శ్వాస మార్గం పుట్టుకతోనే ఇరుకు కనుక మత్తు, వేడి రెండూ కలిస్తే ఊపిరి అందక ఇబ్బందిపడే ప్రమాదం ఎక్కువ.

వాంతులకు, భయానికి వేర్వేరు మందులున్నాయి. వాంతులు ఆపడానికి మారోపిటాంట్, భయం తగ్గించడానికి గాబపెంటిన్ పిల్లులలో బాగా పనిచేస్తున్నాయి. పశువైద్యుడు మీ పిల్లిని తూచి, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల పరిస్థితి చూసి మోతాదు నిర్ణయిస్తారు. గాబపెంటిన్‌ను సాధారణంగా బయలుదేరడానికి రెండు గంటల ముందు ఇస్తారు. ప్రయాణం రోజున మొదటిసారి ఇవ్వకుండా, వారం ముందు ఇంట్లో ఉన్న రోజున ఒకసారి ఇచ్చి చూడండి, ఎంతసేపు తూలుతుందో, ఎంతసేపు నిద్రపోతుందో మీకు తెలుస్తుంది. పిల్లుల బుగ్గల వాసనను పోలిన ఫెరోమోన్ స్ప్రేలు కూడా దుకాణాల్లో దొరుకుతున్నాయి. వాటిని బుట్టలోని గుడ్డ మీద చల్లి, అందులోని ఆల్కహాలు ఆరిపోవడానికి పదిహేను నిమిషాలు ఆగాకే పిల్లిని లోపలికి పంపాలి. ఇవి కొన్నిటికి ఉపయోగపడతాయి, కొన్నిటికి పెద్దగా తేడా కనబడదు. బుట్ట అలవాటు చేయకుండా వీటినే నమ్ముకోవద్దు.

ప్రశ్న: మధురవాడ నుంచి రాస్తున్నాము. ఎండలు తప్పించుకోవడానికి రెండు రోజులు అరకు వెళ్ళాలనుకుంటున్నాము. పిల్లిని కూడా తీసుకెళితే చల్లగా ఉంటుంది కదా?

సమాధానం: తీసుకెళ్ళవద్దనే నా సలహా. శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా ఎక్కే ఘాట్ రోడ్డులో ఒక మలుపు తరువాత ఒక మలుపు వస్తూనే ఉంటుంది. చెవి లోపల సమతుల్యాన్ని చూసుకునే భాగం కదలికను చెబుతుండగా, బుట్టలో కూర్చున్న పిల్లి కళ్ళకు కదలని గోడ కనబడుతుంది; ఈ పొంతన లేకపోవడం వల్లనే కడుపులో తిప్పుతుంది. అంత బాధపడి చేరుకున్నాక అక్కడ దానికి దొరికేది తెలియని గది, మరొకరి పెంపుడు కుక్క వాసన, తలుపు తట్టే కొత్త మనుషులు. రెండు రోజులకు అక్కడికి అలవాటు పడేలోగా తిరుగు ప్రయాణం వస్తుంది. చల్లదనం మీకు కావాలి గాని, దానికి కావలసింది తన ఇల్లు. పక్కింటివారికో బంధువుకో తాళం చెవి ఇచ్చి, రోజుకు రెండుసార్లు వచ్చి తిండి, నీళ్ళు, లిట్టర్ చూసి, పావుగంట కూర్చుని వెళ్ళమనండి. ఫ్యాను తిరుగుతూ, గాలి ఆడే గది ఒకటి దానికి వదిలిపెట్టండి.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి గోపాలపట్నం మారాము. ప్రయాణం బాగానే జరిగింది గాని, మా రెండేళ్ళ గండుపిల్లి మూడు రోజులుగా మంచం కింద నుంచి బయటకు రావడం లేదు. రాత్రి కొద్దిగా తింటున్నట్టుంది. బయటకు లాగమంటారా?

సమాధానం: లాగవద్దు. ఇల్లంతా ఒకేసారి చూపకుండా ఆ ఒక్క గదినే దానికి కేటాయించి, బుట్టను తలుపు తీసి మంచం పక్కన ఉంచండి. పాత ఇంటి దుప్పట్లను ఉతకకుండా అక్కడే వేయండి. మీరు నేల మీద కూర్చుని పుస్తకమో పత్రికో చదువుకుంటూ ఉంటే అది తనంతట తానే వచ్చి వాసన చూస్తుంది. కనీసం మూడు వారాల పాటు ఇంటి బయటకు వదలకండి, లేకపోతే పాత ఇంటిని వెతుక్కుంటూ పోయే ప్రమాదం ఉంది.

తింటున్నదని రాశారు కనుక ఒక బెంగ తీరింది. పిల్లి, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి, ఒక రోజుకు మించి ఏమీ తినకపోతే కాలేయం దెబ్బతినే అవకాశం ఉన్నందున వైద్యునికి చూపించాలి. కానీ అది మూత్రం పోస్తున్నదో లేదో మీరు రాయలేదు. చోటు మారిన ఒత్తిడికి గండుపిల్లుల్లో మూత్రనాళం మూసుకుపోవడం కద్దు. ఈ రోజే లిట్టర్ ట్రేను పూర్తిగా శుభ్రం చేసి, కొత్త లిట్టర్ వేసి, రేపు ఉదయం అందులో తడి గడ్డలు ఉన్నాయేమో చూడండి. ఒక్కటి కూడా లేకపోయినా, ఈలోగానే అది ట్రేలో పదే పదే కూర్చుని ముక్కుతూ కనబడినా, అర్ధరాత్రి అయినా సరే ఆగకుండా దానిని బుట్టలో పెట్టుకుని పశువైద్యశాలకు బయలుదేరండి.